జామ సంతకం

గుణుపురంలో ఎవరి పెరట్లో చెట్టు ఒరిగినా, గాలికి కొమ్మ చీలి కరెంటు తీగల మీదికి వాలినా, అందరి నోటా ముందుగా వచ్చే పేరు కూర్మారావుది. ఆ వెంటనే, "ఆడి ఇంటిదాన్ని కూడా రమ్మనండి" అంటారు. అనక తప్పదు మరి. పైన కూర్మారావు ఎన్ని కోతివేషాలు వేసినా కింద తాడు పట్టేది అతని భార్య వరహాలమ్మ. ఆవిడ రాని రోజు అతను గోడ కూడా ఎక్కడు.

వరహాలమ్మది వంశధార ఒడ్డున రైతు కుటుంబం. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒరియా గడ్డ మీద భూమి చేసుకున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒరియా, సంతలో రెండూ కలిపిన కిచిడీ. తండ్రి ఎర్రయ్యకి మగపిల్లలు లేరు. ఆ లోటు ఆయన ఎప్పుడూ అనుకోలేదు, ఈమె చేతికే పగ్గం ఇచ్చి దుక్కిలోకి దింపాడు. ఎద్దు బెదిరినప్పుడు పగ్గం గుంజకూడదు, అలాగని వదిలెయ్యకూడదు, చేతిలో జారనిస్తూ బిగించాలి. ఆ విద్య ఆమె చేతులకి పట్టుబడిపోయింది. ముందు ముందు అదే అన్నం పెడుతుందని అప్పుడెవరికి తెలుసు!

పెళ్ళినాటికి కూర్మారావు సెల్ టవర్లెక్కే పనిలో ఉన్నాడు. కోరాపుట్ కొండల్లో, సునాబెడ దారిలో, టవరు లేచిన చోటల్లా నడుముకి బెల్టు కట్టుకుని వేలాడేవాడు. ఆ పని తగ్గాక ఇంటికొచ్చి కూర్చున్నాడు గానీ, ఎత్తుకి అలవాటు పడ్డ ఒళ్ళు నేల మీద నిలుస్తుందా? చింతపండు దులపడానికి ఎక్కాడు, కొబ్బరి మట్టలు కొట్టడానికి ఎక్కాడు, ఆఖరికి ఎవరూ పిలవకపోయినా ఎక్కాడు. చూసి చూసి వరహాలమ్మే అంది.

"మావా, ఎలాగూ ఎక్కుతున్నావు. బెల్టుంది, తాడుంది, మిషను రంపం ఒకటి కొనుక్కుంటే దీన్నే పనిగా ఎట్టుకోవచ్చు గదేటి?"

పెద్ద కొమ్మని ఊరికే కోసి పడేస్తే కింద గోడలూ మిగలవు, గొడ్లూ మిగలవు. ముందు దానికి మోకు కట్టాలి. ఆ మోకుని పైన గట్టి పంగలో వేలాడదీసిన కప్పీ మీంచి కిందికి తెచ్చి, చెట్టు మొదలుకి చుట్లు వేసి, కొస ఒకరు పట్టుకోవాలి. బరువు మొదలు మోస్తుంది. ఎంత జారాలో, ఎక్కడ ఆగాలో చెయ్యి చెబుతుంది. మొదట్లో ఆ కొస పట్టడానికి ఒక కూలీ ఉండేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఒకనాడు అతను భోజనాలకి పోయి పని ఎగ్గొడితే, వరహాలమ్మ చీర ఎగదోపి తాడు అందుకుంది. వీధిలో ఒకాయన ఊరుకోలేక, "ఆడదానికి తాళితాడు సాలదేటి, ఈ తాడెందుకు?" అన్నాడు.

"ఆ తాడు నిలవాలంటే ఈ తాడు పట్టాల బాబూ" అంది వరహాలమ్మ. ఆ కొమ్మ పూలబుట్ట దించినట్టు దిగింది. కూలీని మళ్ళీ పిలవలేదు.

అలాగని అంతా సాఫీగా జరిగిపోయిందని కాదు. ఒకసారి పనసకొమ్మ దించుతుంటే కూర్మారావు పైనుంచి "ఒద్దు!" అని అరిచాడు. రంపం హోరులో ఈమెకి "ఒగ్గు!" అని వినబడింది. ఒగ్గేసింది. కొమ్మ వెళ్ళి షావుకారుగారి స్నానాలగది కప్పు మీద కూర్చుంది. అదృష్టం బాగుండి ఆయన అప్పుడే తల తుడుచుకుంటూ బయటికొచ్చాడు. మా వైపు మాటల్లో వదలమనడానికీ వద్దనడానికీ మధ్య ఉన్నది ఒక్క అక్షరం. ఆ అక్షరం మీద మనిషి ప్రాణం వేలాడకూడదని మొగుడూ పెళ్ళాలు ఆ రాత్రే తీర్మానించుకుని తాడు మాటలన్నీ ఒరియాలోకి మార్చేశారు. పట్టుకో అనాలంటే "ధర". వదులు అనాలంటే "ఛాడ". ఆగమనాలంటే "రహ". మోకు చేతిలో ఉన్నంతసేపూ తెలుగులో దేవుడు దిగొచ్చి చెప్పినా లెక్కలోకి రాదు. వీళ్ళు చెట్టు దగ్గర ఒరియాలో సరసాలాడి ఇంటికెళ్ళి తెలుగులో దెబ్బలాడుకుంటారని ఊళ్ళో జనం నవ్వుతారు. నవ్వనీ.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. అన్న కొట్టమన్నాడని ఒక చింతచెట్టు కొమ్మలు కొడితే, తమ్ముడు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాడు. చెట్టు ఇద్దరిదీ అని వీళ్ళకి చెప్పిందెవరు? రంపం వానాకాలమంతా స్టేషన్‌లో మూలపడి తుప్పు పట్టింది. అన్నాళ్ళూ కూర్మారావు బస్తాలు మోశాడు. తిరిగిచ్చేటప్పుడు ఇంకోసారి ఇలాంటి ఫిర్యాదొస్తే మిషను మీద ఆశ వదులుకోమని గట్టిగా చెప్పి పంపారు. అప్పటినుంచి వరహాలమ్మ ఒకటే మాట పట్టుకుంది. "కాయితం లేందే మోకు ఇప్పం." చెట్టు ఎవరిదో వాళ్ళ సంతకం కావాలి. పక్కన తీగలుంటే లైన్‌మన్ వచ్చి కరెంటు తియ్యాలి. మొదలంటా కొట్టేదైతే ముందు అటవీ ఆఫీసులో అడిగి రావాలి. ఆ కాగితాలన్నీ ఆమే రాస్తుంది, ఒరియా చదువు ఆమెదే కనక. కూర్మారావుకి ఒరియా మాట్లాడడం వచ్చుగానీ అక్షరాలు చూస్తే అన్నీ జిలేబీల్లా కనబడతాయి.

ఇక ఆ రోజు సంగతి. నేరేడుపళ్ళు రాలే కాలం, మబ్బు దిగి గాలి బిగిసిన ఉదయం. ఇంకో రెండు మూడు రోజుల్లో వానలు పడతాయని ఊరంతా అంటోంది. పిలిచింది సౌమ్యరంజన్ అనే కుర్ర మాస్టారు. కటక్ వైపు నుంచి కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చాడు, తెలుగు ముక్క రాదు. భార్య మనీషా పురిటి నుంచి మొన్నమొన్ననే వచ్చింది. పసిబిడ్డ పడుకునే గదికి రేకుల కప్పు. ఆ కప్పు మీదికి పక్కింటి పెరట్లోంచి ఇంత లావు నేరేడు కొమ్మ. రాత్రి గాలికి అది పంగ దగ్గర చీలింది. చీలికలో చెయ్యి దూరుతుంది.

కింద నుంచి చూసిన కూర్మారావు కళ్ళు మెరిశాయి. "ఒలే వరాలూ! ఇన్నాళ్ళూ కొట్టినయ్యన్నీ పుల్లలే. ఇదీ పనంటే!"

వరహాలమ్మకీ ఒళ్ళు ఝల్లుమంది. భయమో ఉత్సాహమో విడదీసి చెప్పలేం. పెద్ద కొమ్మ చూసినప్పుడల్లా ఆమె అరచేతులు దురదపెడతాయి, నోరు ఎండిపోతుంది, నవ్వు వస్తుంది. కానీ కాళ్ళు మాత్రం ముందు సంతకం కోసం పక్కింటి వైపు నడిచాయి.

పక్కింటాయన మల్లేశ్వరరావు. తుని దగ్గర రైలు పట్టాలు చూసుకుంటూ ఎండలో నడిచి నడిచి రిటైరైనవాడు. కూతురి కాపురం గుణుపురంలో ఉందని నిరుడే ఈ ఇల్లు కొన్నాడు. గోడలు చూసి కాదు, పెరట్లో నేరేడు చూసి కొన్నాడు. ఉద్యోగమంతా నీడ లేకుండా గడిచింది కాబట్టి ఇప్పుడు పొద్దున్నే ఆ చెట్టు కింద మంచం వాల్చుకుంటే భోజనానికే లేస్తాడు. ఒరియా రాదు, నేర్చుకునే తొందరా లేదు. ఆ పెరట్లోనే గోడవారగా ఒక జామచెట్టు కూడా ఉంది. పురుగు పట్టి, కాయ నిలవక, కొమ్మలు గోడ దాటి మాస్టారి ఇంటి వైపు వేలాడుతూ ఉంటుంది.

వరహాలమ్మ వెళ్ళేసరికి ఆయన వీధి అరుగు మీద చెప్పులేసుకుంటున్నాడు. కళ్ళద్దాల కోసం టెక్కలి వెళ్ళాలి, నౌపడ రైలుకి టైమైపోతోంది. ఆమె అరుగు మీదే కూర్చుని గబగబా ఒరియాలో రాసి పైకి చదివింది.

"జాము గచ్ఛర డాళ కాటిబాకు మోర ఆపత్తి నాహిఁ." చదివి, తెలుగులో కూడా చెప్పింది. "మాస్టారి రేకుల మీదకొచ్చిన మీ సెట్టు కొమ్మలు కొట్టడానికి మీకేటీ అబ్యంతరం లేదని రాసేను బాబుగారూ. సిన్నబిడ్డ ఉన్న ఇల్లు."

"దానికేటమ్మీ, కొట్టుకోండి. అదీ ఒక సెట్టేనేటి!" అని మల్లేశ్వరరావు సంతకం గీకేసి ఆటో ఎక్కేశాడు.

అదీ ఒక చెట్టేనా అన్నమాట వరహాలమ్మకి కొంచెం వింతగా తోచింది. చుట్టుపక్కల అందరూ ఆయనకి ఆ చెట్టంటే ప్రాణమని చెప్పారు కదా. సర్లే, పెద్దాయన పెద్దమనసు చేసుకున్నాడనుకుంది. సంతకం చేతిలో పడ్డాక కూర్మారావు ఒక్క క్షణం ఆగలేదు. లైన్‌మన్ వచ్చి కరెంటు తీశాడు. వరహాలమ్మ మనీషానీ బిడ్డనీ సౌమ్యరంజన్‌నీ ఇల్లు ఖాళీ చేయించి సందు చివర నిలబెట్టింది. మాస్టారు పుస్తకాలు మర్చిపోయానని వెనక్కి వస్తే, "పుస్తకం మళ్ళీ దొరుకుతాది సార్, తల దొరకదు" అని ఒరియాలో తరిమింది.

కూర్మారావు ఎక్కాడు. ఎక్కడమంటే మామూలుగానా! టోపీ, బెల్టు, నడుముకి రంపం, నోట్లో ఈల. నేరేడుపళ్ళు టపటపా రాలి వరహాలమ్మ జాకెట్టు ఊదారంగు చేశాయి. చెట్టు కాండానికి తన బెల్టు తాడు చుట్టుకుని, చీలిన కొమ్మకి మోకు బిగించి, పైన కప్పీ వేలాడదీసి, మోకు కొస కిందికి వదిలాడు. వరహాలమ్మ తోలు తొడుగులేసుకుని మొదలుకి చుట్లు వేసి కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది.

చీలిన కొమ్మతో వచ్చిన చిక్కేమిటంటే, అది తిన్నగా తెగదు. కోత సగంలో ఉండగా కొమ్మ కుదుపుకి లోనైతే చీలిక కాండంలోకి దిగిపోతుంది. ఆ కాండానికే కూర్మారావు కట్టుకుని ఉన్నాడు. కాండం చీలితే బెల్టు తాడు అతన్ని నొక్కి చంపుతుంది. అందుకని తాడు కుదపకుండా, గుంజకుండా, వదలకుండా పట్టాలి. మొగుడు పెళ్ళాలిద్దరికీ ఈ సంగతి తెలుసు, పైకి అనుకోరు.

"ధర!"

వరహాలమ్మ బిగించింది. రంపం అరిచింది. ముందు కొమ్మకి కింద నుంచి గాటు, తర్వాత పై నుంచి కోత. రంపపు పొట్టు మంచులా రాలింది. కొమ్మ మూలిగింది. మోకు చుట్లు మొదలుని కరుచుకున్నాయి. బరువు చేతుల్లోకి వచ్చింది, భుజాల్లోకి వచ్చింది, మడమల్లోకి దిగింది. ఆహా, అనుకుంది వరహాలమ్మ. వచ్చేసింది, ఇంక నాదే!

సరిగ్గా అప్పుడు వీధిలో ఆటో ఆగింది. ముప్పై ఏళ్ళు రైల్వేలో చేసిన మనిషికి రైలు తప్పిపోయింది. ఆ మంట మీదే ఉన్న మల్లేశ్వరరావు పెరటి తలుపు తోసుకుని లోపలికి వచ్చి, తల పైకెత్తి, ఒక్క పొలికేక పెట్టాడు.

"ఓరి దొంగనాకొడకా! నా నేరేడు మీద సెయ్యేసేవేటి! ఒద్దు! ఒద్దు! దిగు కిందకి!"

ఆ కేక ఆమె చెవిలో "ఒగ్గు! ఒగ్గు!" అని పడింది. చెవి అదిరింది గానీ చేతులు కదల్లేదు. తెలుగు మాటలకి ఆ చేతులు జవాబు చెప్పడం మానేసి చాలాకాలమైంది.

"బాబుగారూ, మీరే సంతకమెట్టేరు గదా!" అని అరిచింది, కళ్ళు పైనుంచి తియ్యకుండా.

"నాను ఎట్టింది జామకి! జామసెట్టని సదివేవు నువ్వు! నాకు సెవులు లేవనుకున్నావేటి? జామ కొట్టుకోమంటే నేరేడు కొడతారేటి, దొంగల్లారా!"

వరహాలమ్మకి అప్పుడు అర్థమైంది. జాము. జామ. దేవుడా! ఒరియాలో జాము అంటే నేరేడు. జామని వాళ్ళు పిజులి అంటారు. రాసేటప్పుడు ఒరియాలో ఆలోచించింది, చదివేటప్పుడు ఒరియాలో చదివింది. వింటున్నది తుని నుంచి వచ్చిన తెలుగు చెవి అన్నది ఆమె మనసుకి తట్టనేలేదు. ఆయన జామకే పెట్టాడు సంతకం. తన నోటితో తనే పెట్టించింది.

నవ్వాలో ఏడవాలో తేల్చుకునే తీరికేదీ? మల్లేశ్వరరావు వచ్చి ఆమె భుజం పట్టి వెనక్కి లాగాడు. మడమ కింద నేరేడుపళ్ళు నలిగి కాలు జర్రున జారింది. మోకు ఒక జానెడు పరిగెత్తింది. పైన కొమ్మ కిర్రుమంది, కాండం మీద చీలిక నోరు తెరుస్తున్నట్టు ఇంకొంచెం విప్పారింది. కూర్మారావు రంపం ఆపేసి కాండాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు.

"రహ! రహ!" పైనుంచి వచ్చిన గొంతు అతనిదిలా లేదు.

"బాబుగారూ!" వరహాలమ్మ గొంతు చించుకుంది. "తిట్టండి, కొట్టండి, పోలీసుల్ని పిలండి! పైనున్నోడు నా మొగుడు! ఈ తాడు నా సేతిలోంచి జారితే ఆడు సచ్చిపోతాడు! తిట్టాలంటే తాడు పట్టుకుని తిట్టండి!"

మల్లేశ్వరరావు తల పైకెత్తాడు. అంతవరకూ ఆయనకి కనబడింది చెట్టు ఒక్కటే. ఇప్పుడు చెట్టుని కావలించుకున్న మనిషి కనబడ్డాడు. పట్టాల మీద నడిచిన మనిషి, ఎదర బండి వస్తుంటే ఏం చెయ్యాలో ఒంట్లో ఉన్న మనిషి. భుజం వదిలి ఆమె వెనకాల తాడు దొరకబుచ్చుకున్నాడు. ఉత్త చేతులతోనే.

"ఏటి సెయ్యాల? సెప్పు బేగి!"

"గుంజకండి. వదలకండి. నాను జారిస్తే మీరూ జారించండి, నాను ఆగితే ఆగండి!"

పైన రంపం మళ్ళీ అందుకుంది. సందు చివర సౌమ్యరంజన్ "కణ హెలా? కణ హెలా?" అని అడుగుతూనే ఉన్నాడు, ఏమైందో చెప్పే తీరిక ఇక్కడెవరికి ఉంది? కోత ఆఖరి పోగుకి వచ్చింది. ఫట్‌మని కొమ్మ తెగి గాల్లోకి ఊగింది. మోకు బిగుసుకుని వీణతీగలా మోగింది.

"ఛాడ!"

వరహాలమ్మ జారించింది. వెనకాల మల్లేశ్వరరావు జారించాడు, అబ్బా అనలేదు. కొమ్మ రేకుల అంచుకి జానెడు దూరంలోంచి, ఆకులతో కప్పుని తుడుచుకుంటూ దిగింది.

"ఛాడ... ఛాడ... రహ... ఛాడ!"

నేల మీద వాలింది. రేకు ఒక్కటి చిట్లలేదు. పైన కూర్మారావు "ఓలమ్మో!" అని ఒక కేక పెట్టి, టోపీ తీసి గాల్లో ఊపి, మళ్ళీ పెట్టుకున్నాడు. బతికున్నానని చెప్పడం అతనికి అలాగే వచ్చు.

అతను దిగి వచ్చేసరికి వరహాలమ్మ ఇంకా తాడు పట్టుకునే ఉంది. కొమ్మ నేల మీదుంది, తాడు మీద బరువు లేదు, వేళ్ళు మాత్రం తెరుచుకోవడం లేదు. కూర్మారావు వచ్చి ఆమె పిడికిళ్ళ మీద చేతులేసి, "ఛాడ" అన్నాడు మెల్లగా. అప్పుడు విడిచింది. విడిచీ విడవగానే అతని గుండె మీద ఒక్క గుద్దు గుద్దింది.

"అంతలా కావలించుకుంటావేటి సెట్టుని, నన్నెప్పుడైనా అలా కావలించుకున్నావా!" అంది, ఏడుస్తూ, నవ్వుతూ.

మల్లేశ్వరరావు పక్కకి తిరిగి అరచేతులు చూసుకుంటున్నాడు. రెండూ ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. వరహాలమ్మ ముక్కు తుడుచుకుని, రొంటిలోంచి కాగితం తీసి ఆయన ముందుకి వచ్చింది. ఈలోగా సౌమ్యరంజన్ పెరట్లోకి వచ్చాడు. గొడవ ఏమిటో అర్థమయ్యాక, సంతకం ఉంది కదా, ఇంకేం భయం, "దస్తఖత్ అఛి" అన్నాడు ఆమెతో.

"ఇది జామ సంతకం సార్. దీంతో నేరేడు కొట్టకూడదు" అని ఒరియాలో చెప్పి, ఆ కాగితాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చించింది.

వానాకాలమంతా స్టేషన్‌లో తుప్పు పట్టిన రంపం కూర్మారావుకి కళ్ళ ముందు మెదిలి ఉంటుంది. చేతిలోని రంపాన్ని గుండెకి హత్తుకున్నాడు. కాగితం ఉన్నంతసేపూ వాళ్ళకి అండ ఉంది. ఇప్పుడు పెద్దాయన స్టేషన్‌కి వెళితే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

"సూడండి బాబుగారూ" అంది వరహాలమ్మ. "కొమ్మ కోసేసేం, అతికించలేను. తప్పు నాదే, మావోడిది కాదు. ఒరియాలో జామంటే నేరేడు, ఆ మాట మీకు నాను సెప్పలేదు. ఫిర్యాదు ఇత్తారంటే నానూ మీ ఎనకే వచ్చి ఉన్నదున్నట్టు సెప్తాను. రేకుల మీద ఇంకా రెండు కొమ్మలున్నాయి. మీరు ఒప్పుకుంటేనే ముట్టుకుంటాం. ఒద్దంటే ఇప్పుడే మోకు సుట్టేత్తాం."

మల్లేశ్వరరావు తెగిపడ్డ కొమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. చీలిక లోపల వేలు పెట్టి గీరితే నల్లటి పొడి రాలింది. లోపలంతా పుచ్చు. పైనుంచి ఆకులు పచ్చగా నవనవలాడుతుంటే ఎవరికి తెలుస్తుంది? ఆయన గోడ వైపు చూశాడు, రేకుల వైపు చూశాడు. అవతల సందులోంచి బిడ్డ ఏడుపు వినబడింది, ఆకలిదే, భయంది కాదు.

"జామే గదాని ఎంత సులువుగా ఎట్టేనమ్మీ సంతకం" అన్నాడు చివరికి. "నేరేడంటే ఎట్టుందును కాదు. నువ్వు తిన్నగా తెలుగులో అడిగుంటే తలుపేసుకుని పోదును. ఆ కొమ్మ అలాగే ఉండిపోవును." చేత్తో రేకుల గదిని చూపించాడు. లేచి, పంచె దులుపుకుని, కోపంగానే అన్నాడు. "రాయి మళ్ళీ. ఏ బాసలో రాస్తావో నీ ఇష్టం. సదవకు మాత్రం! ఏ సెట్టో నన్ను తీసుకెళ్ళి సేత్తో ముట్టించు."

వరహాలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నేరేడు కాండం మీద ఆనించింది. ఒక్కొక్క కొమ్మనీ వేలు పెట్టి చూపించింది. ఇది కొడతాం, ఇది కొడతాం, ఇదిగో మీ మంచానికి నీడ పట్టేది, దీని జోలికి రాం. చీలిన చోట ఇనప పట్టీ వేసి బిగిస్తాం. ఆయన ప్రతిదానికీ తలూపాడు. మంచం నీడ కొమ్మ దగ్గర రెండుసార్లు ఊపాడు. అక్కడే నిలబడి, ఆమె కొత్తగా రాసిన కాగితాన్ని చెట్టు మీదే ఆనించి సంతకం పెట్టాడు. అప్పటినుంచీ వాళ్ళ పద్ధతే మారిపోయింది. ఎంత తొందరున్నా, ఎంత చదువుకున్నవాళ్ళైనా, చెట్టు ముట్టుకోకుండా వరహాలమ్మకి సంతకం పెట్టడానికి లేదు.

గాలి పెరుగుతోంది. కూర్మారావు మళ్ళీ బెల్టు బిగించుకుని ఈల అందుకున్నాడు. వరహాలమ్మ మోకు చుట్లు సరిచూసుకుని కాళ్ళు తన్నిపెట్టింది. వెనకాల ఎవరో నిలబడ్డట్టు తోచి తిరిగి చూస్తే మల్లేశ్వరరావు, అరచేతులకి తువ్వాలు చుట్టుకుని.

"ఎళ్ళి కూకోండి బాబూ, సేతులు పాడైపోనాయి."

"కూకోనులే" అని ఆయన తాడు కొస అందుకున్నాడు. పైకి ఎగబాకుతున్న మనిషిని కాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఆడలా ఏలాడతంటే నీకు బయ్యం ఎయ్యదేటమ్మీ?"

"ఎయ్యకేటి బాబూ? రోజూ ఎత్తాది" అంది వరహాలమ్మ, కళ్ళు పైనుంచి తియ్యకుండా. "ఎయ్యని రోజు నా సేతికి తాడు ఇవ్వొద్దని ఆడికి సెప్పేసేను."

పైనుంచి కూర్మారావు "ధర" అన్నాడు. ఇద్దరూ పట్టుకున్నారు.